గుల్ల కాలితే గోడ

(గజపతినగరంలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు మాకు సోషల్ చెప్పేవారు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు చేతిసంచీలోంచి ఓ పెచ్చు తీసి బల్ల మీద పెట్టారు. ఊళ్ళో పాత మండువా లోగిలి ఏదో కూలగొడుతుంటే ఏరుకొచ్చిన గచ్చు పెచ్చు. అరచేయంత ఉంది. పైవైపు కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంది. విరిగినవైపు ఎర్రటి ఇటుకపొడి, ఇసుక రేణువులు, వాటి మధ్య చిటికెనవేలి గోరంత తెల్లటి వంపు. "ఏమిట్రా అది?" అన్నారు. ఒకడు గోరన్నాడు, ఇంకొకడు చేప పొలుసన్నాడు. చివరికి ఆయనే చెప్పారు, కాలీ కాలని గుల్ల ముక్క అని. "మన ఊరికి సముద్రం లేదు కదా, ఈ గుల్ల ఎలా వచ్చిందో కనుక్కుని రండి" అని బెల్లు కొట్టకముందే వదిలేశారు.

ఆ హోంవర్కు నేను అప్పుడు చెయ్యలేదు. ఉద్యోగం వదిలాక మొదలుపెట్టాను. ఇవాళ మీ ముందు పెడుతున్నది ఆ లెక్కే, యాభై ఏళ్ళు ఆలస్యంగా.

దారి సంగతి తేలికే. భీమునిపట్నం రేవు నుంచి విజయనగరం, అక్కణ్ణుంచి మన ఊరు, సాలూరు, ఘాటీ ఎక్కితే పొట్టంగి, జయపురం. కొండమీంచి ధాన్యం, అడవి సరుకు దిగే దారి ఇదే, సముద్రపు ఉప్పు కొండెక్కే దారీ ఇదే. మన ఊరు ఆ దారిలో మజిలీ. ఉప్పు బస్తా పక్కన సున్నం బుట్ట ఎక్కించడానికి బండివాడికి వేరే రోడ్డు అక్కర్లేదు.

గుల్ల సంగతికి వస్తే, అది మాస్టారు అనుకున్నదానికన్నా చిత్రమైనది. గోస్తని నది అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుడుతుంది. ఆ గుహలున్నది సున్నపురాతిలో. ఆ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఉద్యోగి కనిపెట్టాడని ఇప్పటికీ రాస్తుంటారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో, కాబట్టి ఆ మాట నమ్మాల్సిన పనిలేదు. గుహ దగ్గరి గిరిజనులకి అది తెలియని కాలమూ లేదు. గోస్తని నీళ్ళు ఆ సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకుని తాటిపూడి మీదుగా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. మొగ దగ్గర ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట ఆల్చిప్పలు, కప్పచిప్పలు ఆ నీళ్ళలోని సున్నాన్ని పీల్చి ఒంటి చుట్టూ ఇల్లు కట్టుకుంటాయి. ఆ ఇంటిని మనిషి ఏరి, కాల్చి, తన ఇల్లు కట్టుకున్నాడు. కొండ మీది రాయి సముద్రం దాకా వెళ్ళి బండెక్కి మళ్ళీ కొండదారి పట్టిందన్నమాట. మన చంపావతి కూడా కోనాడ దగ్గర సముద్రంలో కలిసేదాకా ఇలాంటి మోతే మోస్తుంది గానీ, దానికి గుహలంత పేరు లేదు పాపం.

సున్నం అనే మాటకి మూలం సంస్కృతంలో చూర్ణం, అంటే పొడి. ప్రాకృతంలో చుణ్ణమై మన దగ్గర సున్నమైంది. తెల్లదొరలు మద్రాసులో దాన్నే చునం అన్నారు. గుల్ల సున్నంతో అద్దంలా మెరుగుపెట్టిన మద్రాసు గచ్చుని చూసి పాలరాయి అనుకున్నామని వాళ్ళే రాసుకున్నారు. మన నుడికారం నిండా సున్నమే. ఊరందరితో సున్నం పెట్టుకున్నాడంటాం. సున్నంలోకి ఎముక మిగలకుండా తన్నాడంటాం. ఈ రెండో మాట విని ఎముకలు కాలిస్తే సున్నం వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఎముకలో ఎక్కువగా ఉన్నది వేరే లవణం, ఫాస్ఫేటు. కాల్చి నీళ్ళు పోస్తే బూడిద తడుస్తుంది, అంతే. బట్టీ ముందుకి ఎముకల బుట్ట తెస్తే బట్టీవాడు వెనక్కి పంపేస్తాడు. నుడికారానికి రసాయన శాస్త్రంతో పనిలేదు, ఉండక్కర్లేదు కూడా.

ఇక బట్టీ. భీమిలి వైపు, మొగకి కొంచెం ఎగువన, చిన్నప్పుడు బట్టీల దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన్ని కలిశాను. ఆయన కర్రముక్కతో ఇసకలో గీసి చూపించాడు. నడుమెత్తు గుండ్రటి మట్టిగోడ. లోపల ఇద్దరు మనుషులు చేతులు చాచి నిలబడేంత జాగా. అడుగున నాలుగు వైపులా గాలి కన్నాలు. ముందు కొబ్బరి డొక్కలు, ఎండు కమ్మలు, ఆ పైన బొగ్గు, దాని మీద గుల్ల, మళ్ళీ బొగ్గు, మళ్ళీ గుల్ల. ఒక వానాకాలం వాన తగిలిన గుల్లే వెయ్యాలి. ఉప్పు కడుక్కుపోకపోతే ఆ సున్నం కొట్టిన గోడ జన్మంతా చెమ్మగిల్లుతుందని ఆయన మాట. ఉప్పు గాలిలోని తడిని లాగుతుంది కదా, అందులో శాస్త్రం తప్పేమీ లేదు.

నిప్పు పొద్దువాలాకే పెట్టేవారట. చల్లదనం కోసమేమో అనుకున్నాను. కాదన్నాడు. మంట రంగు చీకట్లోనే తెలుస్తుంది. పండుమిరప రంగులో ఉంటే ఇంకా కాలలేదు. నారింజ రంగుకి తిరిగితే సరి, కన్నాలు మూసుకోవచ్చు. అదీ దాటి తెల్లబడితే సున్నం చచ్చిపోయినట్టే, ఎన్ని నీళ్ళు పోసినా విచ్చుకోదు. సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గుల్లలోంచి బొగ్గుపులుసు వాయువు విడిపోతుందని పుస్తకం చెబుతుంది. ఆ పెద్దాయన దగ్గర థర్మామీటరు లేదు, కన్ను ఉంది. ఆ కన్ను కోసం రాత్రంతా మేలుకున్నవాళ్ళలో చాలామందికి పొగకీ, సున్నపు దుమ్ముకీ చూపు మందగించిందట. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. వింటున్న నాకే ఇబ్బందిగా అనిపించింది.

తెల్లారి బట్టీ విప్పితే గుల్ల గుల్లలాగే ఉంటుంది. గీతలు గీతల్లాగే, వంపు వంపులాగే. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది తేడా. వంద కిలోల గుల్ల పేరిస్తే దక్కేది 56 కిలోలు, మిగిలిన 44 గాలిలో కలిసిపోయినట్టు. బరువు తెలియని ఆ గుల్ల మీద దోసెడు నీళ్ళు చల్లితే మొదట ఏమీ జరగదు. పది లెక్కపెట్టేలోపు చిటచిటమంటుంది. పగులు పారుతుంది. ఆవిరి లేస్తుంది. నీళ్ళు సలసల కాగుతాయి. గుల్ల పువ్వులా విచ్చుకుని, రెట్టింపు జాగా ఆక్రమించి, తెల్లటి పిండై కూలబడుతుంది. బడి పుస్తకాల్లో పొడిసున్నం తడిసున్నం కావడమంటే ఇదే. కాలీ కాలని ముక్క మాత్రం ఆ పిండిలో రాయిలా మిగిలిపోతుంది. జల్లెడ పట్టేవాడి చేయి కంగారుపడితే అది గచ్చులోకి పోతుంది. మాస్టారు బల్ల మీద పెట్టింది అలాంటి ముక్క. ఏదో ఒక రాత్రి ఒకడు బట్టీ దగ్గర కునుకు తీశాడన్న సాక్ష్యం మన ఊరి గోడలో అన్నేళ్ళు భద్రంగా ఉంది.

నీళ్ళు తగిలిన వెంటనే సున్నం వాడకూడదు. గుంటలో వేసి ఊరబెట్టాలి. ఆలస్యంగా విచ్చుకునే నలుసులు అందులో ఉంటాయి. తొందరపడి పూస్తే ఆరు నెలల తర్వాత గోడ మీద అమ్మవారు పోసినట్టు పొక్కులు లేచి రాలతాయి. రోములో మూడేళ్ళు ఊరని సున్నం పూతకి పనికిరాదని పాత కట్టడి ఉండేదని ప్లినీ రాశాడు. మన దగ్గర మూడేళ్ళు ఎవరూ ఆగలేదు గానీ, ఇల్లు తలపెట్టగానే ముందు సున్నపు గుంట తవ్వి, పునాది లేచేదాకా దాన్ని తడిపి ఉంచడం పెద్దవాళ్ళకి తెలుసు. గోడ ఆయుష్షు తాపీమేస్త్రి చేతిలో ఉందనుకుంటాం. నాకు తెలిసినంతలో అది బట్టీ దగ్గర సగం, గుంట దగ్గర సగం తేలిపోతుంది. మేస్త్రి చేతికొచ్చేసరికి మిగిలేది ముఖం దిద్దడమే. ఈ మాట అంటే మేస్త్రులకి కోపం వస్తుంది. రానివ్వండి.

సున్నాల్లో రెండు రకాలున్నాయి, వాటి పనులూ వేరు. గుల్లసున్నం శుద్ధమైంది, తెల్లటిది, తాంబూలంలోకి, వెల్లకి, పైపూతకి శ్రేష్ఠం. అయితే దానికి గట్టిపడడానికి గాలి కావాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని కొంచెంకొంచెంగా తిరిగి పీల్చుకుంటుంది. బట్టీలో పోగొట్టుకున్న 44 కిలోల్ని గోడ మీద ఏళ్ళ తరబడి వెనక్కి తెచ్చుకుని, మళ్ళీ గుల్లలో ఉన్న పదార్థమే అవుతుంది. నీళ్ళడుగున మాత్రం దానికి ఊపిరాడదు. వంతెన కాళ్ళకీ, చెరువు తూములకీ, సముద్రపు నురుగు తగిలే పునాదులకీ వేరే ఏర్పాటు ఉండాలి. పొలాల్లో దొరికే బంకమన్ను కలిసిన సున్నపు గడ్డల్ని కాలిస్తే నీళ్ళలో గట్టిపడే గుణం దానంతట అదే వస్తుంది. లేదంటే బాగా కాలిన ఇటుకల్ని దంచి ఆ పొడి, అంటే సుర్కీ, కలపాలి. కాలిన మన్ను సున్నంతో కలిసి నీళ్ళలోనే బిగుసుకుంటుంది. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో చేసింది ఇదే. ఇంగ్లండులో జాన్ స్మీటన్ ఎడ్డీస్టోన్ దీపస్తంభం కోసం సున్నపురాళ్ళు ఒక్కొక్కటే పరీక్షించి, బంకమన్ను కలిసిన రాయే నీళ్ళకి నిలుస్తుందని తేల్చి, 1759లో దీపం వెలిగించాడు. ఆయన పరీక్షలు పుస్తకానికెక్కాయి. మన సుర్కీ కొట్టిన ఆడకూలీల రోకళ్ళు ఎక్కడా ఎక్కలేదు. 1895లో పూర్తయిన పెరియార్ ఆనకట్ట నిలబడ్డది సున్నం, సుర్కీల మీదే.

ఇంత చెప్పినా గానుగ లేకపోతే గచ్చు లేదు. గుండ్రటి కాలవ, మధ్యలో గుంజ, గుంజకి దూలం, దూలానికి రాతి చక్రం, దాన్ని లాగే ఎడ్ల జత. ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళు ఇసుకో సుర్కీయో పోసి, నీళ్ళు చిలకరిస్తూ, వెన్నలా జారేదాకా తిప్పాలి. పాత గుళ్ళ దగ్గర, చెరువుగట్ల మీద నడుమ కన్నమున్న రాతి చక్రాలు ఒరిగి కనిపిస్తాయి. జనం వాటి మీద కూర్చుని బీడీ కాలుస్తారు. కొన్నిచోట్ల పసుపు పూసి కొబ్బరికాయ కొడుతున్నారు. అది గానుగ రాయని చెబితే భక్తులకి కోపం రావొచ్చు. నాకైతే ఆ పూజలో తప్పేమీ కనబడదు, అర్హత ఉన్న రాయే.

కోడిగుడ్ల మాట కూడా తేల్చేద్దాం. ఏ పాత కోట దగ్గరికి వెళ్ళినా గోడలకి కోడిగుడ్డు సొన కలిపారని చెబుతారు. అన్ని గుడ్లు పెట్టడానికి ఎన్ని కోళ్ళు కావాలో ఎవరూ అడగరు. సొన వాడిన మాట నిజమే గానీ, మెరుగు కోసం చివర తీసే పల్చటి పూతలో వాడేవారు. గోడ లోపలికి వెళ్ళేవి బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, మారేడు గుజ్జు, పూత పగలకుండా నార ముక్కలు. బెల్లం కలిపితే సున్నం నీళ్ళలో ఎక్కువగా కరుగుతుంది, తొందరగా బిగుసుకోదు. మేస్త్రికి చేయి తిప్పుకునే వ్యవధి దొరుకుతుంది. చైనాలో సున్నంలోకి జిగురు బియ్యపు గంజి కలిపారు. ఎవరి వంటింట్లో ఏది ఉంటే అది గోడలోకి వెళ్ళింది.

కట్టినవాటిని చూద్దాం. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 నాటికి బొబ్బిలిది మట్టికోట. 1713లో పునాది పడిందని చెప్పే విజయనగరం కోటది రాతిగోడ. రెండింటి మధ్య దూరం ఎంతో లేదు గానీ, రాతికోట కట్టాలంటే రాయి ఒక్కటే చాలదు. కొన్నేళ్ళపాటు ఆరకుండా బట్టీలు కాలాలి, దారుల వెంట బండ్లు నడవాలి, అడవులు తరగాలి. కోట అనగానే రాజు పేరు చెబుతాం. కట్టెలు కొట్టినవాడి పేరు ఏ కైఫీయతు రాస్తుంది?

సముద్రం ఒడ్డున సున్నానికి ఇంకో పని కూడా ఉండేది, కనబడడం. పూరీ జగన్నాథుడి గుడికి ఒకప్పుడు ఒళ్ళంతా సున్నపు పూత ఉండేది. ఓడవాళ్ళకి అదే గుర్తు. తెల్ల పగోడా అనేవారు. పూత లేని కోణార్కం నల్ల పగోడా. మన ఊరి పేరులోని గజపతి బిరుదు ఏ కటకం రాజులతో ప్రసిద్ధికెక్కిందో ఆ రాజుల గుడి, గుల్ల పూతతో నావికులకి దారి చూపిందన్నమాట. 1970ల నుంచి పురావస్తు శాఖ ఆ పూతల్ని ఒలిచింది, కింద శిల్పాలు బయటపడ్డాయి. అందం పెరిగింది, నిజమే. ఓడలకి ఇప్పుడు గుర్తులతో పనిలేదు కాబట్టి నష్టపోయినవాళ్ళు లేరు. మన జిల్లా తీరంలో కోనాడకి దగ్గర్లో శాంతపిల్లి దీపస్తంభం ఉంది. భీమిలి రేవుకి వచ్చే ఓడలు నీటిలోని శాంతపిల్లి రాళ్ళకి కొట్టుకోకుండా పందొమ్మిదో శతాబ్దంలో కట్టారు. సున్నం కొట్టిన దీపస్తంభానికి రాత్రి దీపం, పగలు గోడ తెలుపు. ఆ తెలుపు ఏటేటా వెయ్యకపోతే పగటిపూట అది కొండలో కలిసిపోతుంది.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూడండి. వాళ్ళు ఆ రేవుని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించింది 1825లో. అప్పటికే ఆ సమాధులు పాతబడ్డాయి. లోపల మన ఇటుక, మీద మన సున్నం, చెక్కిన అక్షరాలే వాళ్ళవి. తుపానుగాలి, ఉప్పు తేమ, మేకలు అన్నీ తగులుతున్నా కొన్నిచోట్ల పూత ఇంకా పట్టుకునే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ తీరంలో కొత్త రేకులెన్ని ఎగిరిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది.

మరి బట్టీలు ఎందుకు ఆరిపోయాయి? సిమెంటు వచ్చింది, అంతే. 1904లో మద్రాసులో సిమెంటు చేద్దామని బయల్దేరినవాళ్ళు ముడిసరుకుగా ఎంచుకున్నది సముద్రపు గుల్లల్నే. ఆ ప్రయత్నం నిలవలేదు. 1914లో పోరుబందరు కర్మాగారం నిలదొక్కుకుంది, ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఇక గుల్ల మాటకొస్తే, కాకినాడ అఖాతంలో అద్దంలాంటి పల్చటి పెంకున్న ఆల్చిప్ప ఉంటుంది. గోవాలో ఆ పెంకుని కిటికీలకి గాజు బదులు బిగించుకున్నారు. మన దగ్గర బట్టీలో వేశారు. ఇప్పుడది వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో ఉంది. మంచిదే. గుల్లల దిబ్బలు తవ్వినచోట చేపల సంతు తగ్గిందని బెస్తవాళ్ళు చెబుతారు. పాతకాలమంతా బంగారమని చెప్పడానికి నేను రాలేదు. విజయవాడలో సున్నపుబట్టీల సెంటరుంది, బస్సు కండక్టరు రోజూ అరుస్తాడు. బట్టీ ఎక్కడని అక్కడ అడిగి చూడండి.

చివరగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా తాతగారి ఇల్లు ఇదే ఊళ్ళో, సున్నపు గోడలది. వీధి అరుగు వెంట మూడడుగుల మేర పూత పెళుసెక్కి రాలుతుంటే, సంక్రాంతి లోపల అయిపోవాలన్న తొందరలో సిమెంటు కొట్టించాను. నున్నగా, నీలంగా, ముచ్చటగా వచ్చింది. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు చెమ్మ ఆ మూడడుగులూ దాటి పైకి ఎగబాకింది. ఇదివరకు నేలలోంచి పైకొచ్చిన తడి పూత గుండా ఊపిరి తీసుకున్నట్టు బయటికి పోయేది. పోతూపోతూ ఉప్పుని పైపైన వదిలేది, ఏటేటా చీపురుతో దులిపి వెల్ల వేస్తే సరిపోయేది. ఇప్పుడు దారి మూసుకుపోయి ఉప్పు ఇటుక లోపలే పేరుకుంది. మూడో ఏడు పిల్లలు బంతి విసిరితే సిమెంటు డొల్లగా మోగింది. పెచ్చు ఊడదీస్తే వెనకాల ఇటుక లేదు, ఎర్రటి పిండి ఉంది. గుప్పెడు తీసి నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంది.

మళ్ళీ సున్నమే వేయించాలని గానుగ తెలిసిన మేస్త్రి కోసం వెతికితే, డెబ్బై దాటిన ఒకాయన ఒప్పుకున్నాడు. "గుల్లసున్నం తెండి, రాతిసున్నం వద్దు, ఓ వంద కిలోలు. నెల్లాళ్ళు ఊరబెడదాం" అన్నాడు. సిమెంటు కొట్లో అడిగితే వాల్ పుట్టీ బస్తా చూపించారు. పెయింట్ల షాపులో డిస్టెంపర్ డబ్బా తీశారు. విజయనగరం బజారంతా తిరిగి, ఆఖరికి తమలపాకుల కొట్టు దగ్గర ఆగాను. ముసలమ్మ మూకుడులో తెల్లటి సున్నం, పక్కన తడిగుడ్డ. వేలితో తీసి చూశాను, వెన్నలా ఉంది. గుల్లసున్నమే.

వంద కిలోలు కావాలన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, పెళ్లేటి? ఎంతమందికేటి తాంబూలాలు?" అంది.